వేడి మీద ఆపిన పెట్రోలు పంపుసెట్టు మళ్లీ స్టార్టు కాకపోతే ఏం చేయాలి?

పొద్దున ఒక్క లాగుకే స్టార్టయిన ఇంజన్, రెండు గంటలు నీళ్లు తోడాక పెట్రోలు పోయడానికి ఆపితే మళ్లీ అందుకోదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా తాడు లాగినా ఉలుకూ పలుకూ ఉండదు. ముప్పావు గంట వదిలేసి వచ్చి లాగితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. మూసీ పాతబస్తీ దాటాక అంబర్‌పేట, రామంతాపూర్, పీర్జాదిగూడ వైపు ఒడ్డు వెంట పారాగడ్డి, ఆకుకూరలు వేసే రైతులకు ఈ బాధ బాగా తెలుసు. కరెంటు కనెక్షన్ లేని మడికి చిన్న పెట్రోలు ఇంజనే దిక్కు. ఎండాకాలంలో ఒక తడి తప్పితే తోటకూర, పాలకూర మడి ఆ సాయంత్రానికే వాడిపోతుంది.

ఈ తప్పుతో ఉన్న చిక్కు ఏమిటంటే, ఇంజన్ చల్లబడగానే తప్పు కనిపించకుండా పోతుంది. ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి ఇంజన్ చల్లబడి, అతని ముందు ఒక్క లాగుకే స్టార్టవుతుంది. అతను కార్బొరేటర్ కడిగి, ప్లగ్ మార్చి పంపిస్తాడు. మర్నాడు మళ్లీ మామూలే. ఇలా రెండు మూడుసార్లు తిరిగి కొత్త కార్బొరేటరే కొన్న రైతులను నేను చూశాను. అందుకే తప్పును పట్టుకోవలసింది పొలంలోనే, ఇంజన్ ఆగిన మొదటి పది నిమిషాల్లోనే. ఆ పని మీరే చేయగలరు. ఒక ప్లగ్ పానా, ఒక కొత్త ప్లగ్, పొడి గుడ్డ దగ్గర ఉంటే చాలు.

ముందు ఒక జాగ్రత్త. ఆపిన వెంటనే సైలెన్సర్ మీద పెట్రోలు చుక్క పడితే అంటుకుంటుంది. మూత తీసి పెట్రోలు పోసేది కనీసం పది నిమిషాల తర్వాతే. బీడీ, సిగరెట్ దగ్గరకు రానివ్వకండి. త్వరగా చల్లబడుతుందని ఇంజన్ మీద నీళ్లు మాత్రం పోయకండి. కాలుతున్న సిలిండర్ హెడ్ పగిలిపోవచ్చు, కాయిల్‌లోకి నీరు చేరవచ్చు.

చోక్ అలవాటే మొదటి అనుమానం

వేడి ఇంజన్‌కు చోక్ అవసరం లేదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి చోక్ వేసి గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచుతాం. వేడి మీద అదే చోక్ వేసి లాగితే లోపల పెట్రోలు ఎక్కువైపోయి ప్లగ్ తడిసిపోతుంది. తర్వాత ఎంత లాగితే అంత తడుస్తుంది. మన రైతుల్లో చాలామంది ఇంజన్ మొండికేయగానే మొదట చేసే పని చోక్ వేయడమే.

కాబట్టి మొదటి పరీక్ష ఇది. చోక్ పూర్తిగా తెరవండి. పెట్రోలు కాక్ మూయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి ఏడెనిమిది సార్లు లాగండి. ఎక్కువైన పెట్రోలు బయటికి పోయి ఇంజన్ అందుకుంటే, తప్పు ఇంజన్‌లో లేదు. అందుకోగానే కాక్ తెరిచి, యాక్సిలరేటర్ తగ్గించండి. చోక్ జోలికి పోకుండానే ఈ బాధ రోజూ వస్తుంటే, కార్బొరేటర్‌లో నీడిల్ సరిగా కూర్చోక పెట్రోలు పొంగుతోందేమో చూడాలి.

ప్లగ్ విప్పితే సగం సంగతి తెలుస్తుంది

అందుకోకపోతే ప్లగ్ విప్పండి. చెయ్యి కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి. ప్లగ్ తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది చూడండి.

తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావడం లేదని అనుమానించాలి. పెట్రోలు కాక్ మూసి, చుట్టూ కారిన పెట్రోలు తుడిచి, ప్లగ్ రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టండి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, రబ్బరు పిడి ఉన్న పటకారతో పట్టుకుని, దాని ఇనుప భాగాన్ని రంధ్రానికి దూరంగా ఇంజన్‌కు ఆనించండి. స్విచ్ ఆన్‌లో ఉంచి తాడు లాగించండి. నీలం రంగులో గట్టిగా స్పార్క్ రావాలి. పసుపుగా, నీరసంగా వచ్చినా, రాకపోయినా కొత్త ప్లగ్ పెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ రాకపోతే స్విచ్ వైరు పీకి చూడండి. కొన్నిసార్లు ఆ వైరే ఎక్కడో తెగి ఇంజన్‌కు తగులుతూ ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, వేడి మీద స్పార్క్ రాక, చల్లబడ్డాక వస్తుంటే అది దాదాపు ఖాయంగా ఇగ్నిషన్ కాయిల్ తప్పే. కాయిల్ లోపల వెంట్రుకంత తీగ వేల చుట్లు ఉంటుంది. దాని ఇన్సులేషన్ పాతబడి ఎక్కడో చిట్లితే, వేడికి తీగ వ్యాకోచించి అక్కడ కరెంటు దారి తప్పుతుంది. చల్లారితే మళ్లీ అతుక్కున్నట్టే పనిచేస్తుంది. దీనికి రిపేరు లేదు, కాయిల్ మార్చుకోవాలి. కొత్తది బిగించేటప్పుడు కాయిల్‌కూ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య సందు చాలా చిన్న ఇంజన్లలో 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఫీలర్ గేజ్ లేకుంటే మెకానిక్‌లు విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తారు, అది సరిపోతుంది. మీ కంపెనీ పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదన్నమాట. టాంకు మూత కొద్దిగా వదులు చేయండి. ‘స్‌’ మని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తే, మూతలోని గాలి రంధ్రం మట్టితోనో గడ్డి ధూళితోనో పూడిపోయింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. పిన్నీసుతో శుభ్రం చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. మూత బాగుంటే కార్బొరేటర్ కింది బోల్టు వదులు చేసి డబ్బాలోకి పట్టండి. ధార ఆగకుండా రావాలి. చుక్కలుగా వస్తుంటే కాక్‌లోని జల్లెడ, రబ్బరు పైపు చూడాలి.

ధార బాగానే ఉంది, అయినా వేడి మీద ప్లగ్ పొడిగానే ఉంటోంది అంటే పెట్రోలు కార్బొరేటర్‌లోనే ఆవిరైపోతోంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఫ్లైవీల్ ఫ్యాను గాలి చల్లబరుస్తుంది. ఆపగానే గాలి ఆగిపోతుంది, సిలిండర్ వేడి అంతా కార్బొరేటర్‌లోకి పాకుతుంది. మే నెల ఎండలో ఇది మరీ ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది. నెలల తరబడి డబ్బాలో నిలవ ఉంచిన పెట్రోలు వాడకండి.

దీనికి మందు సులువే. ఫుల్ లోడులో ఉన్న ఇంజన్‌ను ఒక్కసారిగా ఆపకుండా, యాక్సిలరేటర్ తగ్గించి రెండు మూడు నిమిషాలు మెల్లగా నడిపి ఆపండి. పంపులో నీళ్లు ఉండేటట్టు చూసుకోండి, ఎండిపోతే సీలు కాలిపోతుంది. ఇంజన్‌ను చెట్టు నీడన పెట్టండి, గోనె సంచి కప్పకండి. కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య నల్లటి దిమ్మ లాంటి ముక్క ఉంటుంది. అది వేడిని ఆపడానికే. విప్పినప్పుడు దాన్ని పక్కన పడేసి నేరుగా బిగిస్తే ఈ జబ్బు కొని తెచ్చుకున్నట్టే.

స్పార్క్, పెట్రోలు రెండూ ఉన్నా అందుకోకపోతే

తాడు లాగినప్పుడు చేతికి ఎలా తగులుతోందో గమనించండి. పొద్దున బిగువుగా ఉండి, వేడి మీద వదులుగా, తేలిగ్గా వస్తుంటే కంప్రెషన్ పోతోంది. వాల్వు సందు బాగా తగ్గిపోతే, వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు. చాలా చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్ల దగ్గర పెడతారు. ఈ సెట్టింగ్ ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే చేయాలి. నిర్లక్ష్యం చేస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది, అప్పుడు హెడ్ విప్పక తప్పదు.

నది గట్టు మీద పెట్టే ఇంజన్లకు ఇంకో సంగతి. కొన్ని మోడళ్లలో ఆయిల్ తగ్గితే స్పార్క్‌ను ఆపేసే ఏర్పాటు ఉంటుంది. వాలుగా పెట్టిన ఇంజన్‌లో ఆయిల్ ఒక పక్కకు చేరి, ఉన్నా లేనట్టే అవుతుంది. ముందు సమంగా నిలబెట్టి, డిప్ స్టిక్ చూసి, అప్పుడు కాయిల్‌ను అనుమానించండి.

పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌తో నడిపే ఇంజన్‌ను కిరోసిన్ మీదే ఆపకండి. ఆపే ముందు కాక్‌ను పెట్రోలు వైపు తిప్పి కొద్దిసేపు నడపాలి. లేకపోతే కార్బొరేటర్‌లో కిరోసిన్ మిగిలిపోతుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు దాంతో అందుకున్నా, అరగంట చల్లబడితే అందుకోదు. అలా జరిగితే కింది బోల్టు విప్పి కిరోసిన్ వంపేసి, పెట్రోలు నింపి లాగండి. కిరోసిన్ ఇంజన్లలో ఆయిల్ పలచబడటం కూడా ఎక్కువ, త్వరగా మార్చాలి.

ఇంజన్ అసలు అంతగా ఎందుకు వేడెక్కుతోందో కూడా చూడండి. తాడు ఉండే కవరు విప్పితే ఫిన్‌ల మధ్య గడ్డి నూగు, ఎండిన బురద మెత్తలా పేరుకుని ఉంటుంది. మూసీ నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు ఫుట్‌వాల్వు జల్లెడకు చుట్టుకుంటాయి. నీళ్లు తగ్గాయని యాక్సిలరేటర్ పెంచి ఎక్కువసేపు నడిపితే ఇంజన్ మాడుతుంది తప్ప మడి తడవదు.

చేపల పడవకు బిగించే ఔట్‌బోర్డ్ ఇంజన్‌కూ పరీక్షలు ఇవే. అదనంగా టాంకు గాలి స్క్రూ తెరిచి ఉందా, పెట్రోలు పైపు మధ్యలోని రబ్బరు బుడ్డి నొక్కితే గట్టిపడుతోందా, నడిచేటప్పుడు చల్లబరిచే నీటి ధార బయటికి వస్తోందా అన్నవి చూడాలి. ధార రాకపోతే వెంటనే ఆపేయండి.

మెకానిక్ దగ్గరికి వెళ్తే “స్టార్టు కావట్లేదు” అని ఊరుకోకండి. ఎంతసేపు నడిచాక ఆపారు, ఎన్ని నిమిషాలకు లాగారు, ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా, స్పార్క్ ఏ రంగులో వచ్చింది చెప్పండి. రాణిగంజ్‌లో కాయిల్ కొనేటట్టయితే పాతది వెంట తీసుకెళ్లి, ఇంజన్ మోడల్ నంబరు చూపించి తీసుకోండి. బిగించాక అరగంటైనా లోడు మీద నడిపి, ఆపి, పది నిమిషాల తర్వాత అక్కడే మళ్లీ స్టార్టు చేయించి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.