భోజనాల బల్ల మీద చందుర్తి

ఇంగ్లాండులో ఉద్యోగం చేసిన రోజుల్లో, శనివారం సాయంత్రాలు నలుగురం మిత్రులం ఒకరి ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చేరి యుద్ధాలు చేసేవాళ్ళం. వేలెడంత కూడా లేని లోహపు సైనికులు, ఆకుపచ్చ గుడ్డ పరచిన మైదానం, ఒక కొలత టేపు, గుప్పెడు పాచికలు. ఇదీ మా ఆయుధసామగ్రి. ఎవరి వంతులో వారు తమ దళాలను అంగుళాల లెక్కన జరపాలి. తుపాకి గురి తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. నడివయసు వాళ్ళు బొమ్మలతో ఆడుకోవడమేమిటని మొదట నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు రెండు వారాలకు మించి నిలువలేదు.

ఈ ఆటకు పెద్ద వంశచరిత్రే ఉంది. మూలపురుషుడు మన చతురంగమే. పారశీకం మీదుగా ఐరోపా చేరిన రథ గజ తురగ పదాతులు 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే గణితజ్ఞుని చేతిలో కొత్త రూపు దాల్చాయి. ఆయన గళ్ళ సంఖ్యను వెయ్యికి పైగా పెంచి, వాటికి రంగులద్ది, కొండలూ నదులూ ఊళ్ళూ కల్పించాడు. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా ఉద్యోగి గళ్ళనే తీసివేశాడు. ఎటు కావాలంటే అటు పేర్చుకోగల పలకలతో ఒక బల్ల చేయించి తన రాజుకు సమర్పించాడు. సైన్యంలో అధికారి అయిన ఆయన కుమారుడు 1824లో ఆ ఆటకు సమగ్రమైన నియమావళి ప్రకటించాడు. 1:8000 కొలతలో గీసిన పటం, పాచికలు, ఒక మధ్యవర్తి. ఆటగాళ్ళు ఆజ్ఞలను కాగితం మీద వ్రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. శత్రుసైన్యంలో తన సైనికుల కంటికి ఆనినంత మేరకే ఆటగాడికి చూపిస్తారు. ప్రష్యా సేనాధిపతి ముఫ్లింగ్ దీనిని చూచి, ఇది ఆట కాదు, యుద్ధవిద్య అని మెచ్చుకుని సైన్యమంతటా ప్రచారం చేయించాడు. 1870-71లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించిన తరువాత తక్కిన దేశాల సైన్యాలూ దీనిని నేర్చుకున్నాయి. ఆ వైభవం చూడటానికి కుమారుడు లేడు. 1827లోనే ఆత్మహత్య చేసుకున్నాడు.

సైనికాధికారుల గదుల నుండి ఆటను ఇళ్ళలోకి తెచ్చినవారు రచయితలు. ట్రెజర్ ఐలాండ్ వ్రాసిన స్టీవెన్‌సన్ 1880 ప్రాంతాల్లో దావోస్‌లో క్షయకు చికిత్స పొందుతూ, అటక మీద నేలపై సుద్దతో పటం గీసి, భార్య మొదటి పెళ్ళి కొడుకుతో కలిసి సీసపు సైనికులను నడిపించాడు. హెచ్.జి.వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అన్న చిన్న పుస్తకమే ప్రచురించాడు. ఆయన ఫిరంగులు పుల్లముక్కలను నిజంగానే పేల్చేవి, పడిపోయినవాడు చచ్చినట్టే! నిజమైన యుద్ధం ఎంత అవకతవక వ్యవహారమో గ్రహించాలంటే ఈ చిన్న యుద్ధాన్ని మూడు నాలుగుసార్లు ఆడితే చాలునని ఆయన వాదం. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధం వచ్చింది.

ఇక మా బల్ల సంగతి. మేము ఎక్కువగా ఆడింది ఐరోపాలో 1756-63 నడుమ జరిగిన ఏడేళ్ళ యుద్ధం. ప్రష్యా, ఆస్ట్రియా, నీలి కోట్లు, తెల్ల కోట్లు. ఒకనాడు నేను యథాలాపంగా, ఆ యుద్ధంలో ఒక ముక్క మా అమ్మమ్మగారి ఊరి దాపున జరిగిందన్నాను. ఎవరూ నమ్మలేదు. మరుసటి వారం రాబర్ట్ ఓర్మ్ చరిత్రగ్రంథం తీసుకువెళ్ళాను.

ఆంగ్లగ్రంథాలలో కాండోర్ యుద్ధంగా పేరుపడినది మన చందుర్తి యుద్ధం. గొల్లప్రోలు దగ్గరిది. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలిన కథ మనకు తెలుసు. విజయరామరాజును తాండ్ర పాపారాయుడు చంపిన కథా తెలుసు. ఆ తరువాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే, ఆనందరాజు విశాఖపట్నం పట్టుకుని, రమ్మని ఇంగ్లీషువారికి కబురంపాడు. బెంగాలు నుండి క్లైవ్ కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరు 9న ఇరుపక్షాలూ తలపడ్డాయి. ఫోర్డు వద్ద సుమారు ఐదువందలమంది తెల్లవారు, రెండువేల సిపాయిలు, పక్కన ఆనందరాజు సేన ఐదువేలు. కాన్‌ఫ్లాన్స్ వద్ద ఐదువందలమంది తెల్లవారు, ఆరువేల సిపాయిలు.

యాభైమందికి ఒక బొమ్మ చొప్పున లెక్కవేస్తే రెండువందల ఎనభై బొమ్మలు. రంగులు వేయడానికే మూడు నెలలు పట్టింది. ఇక్కడ రంగే ముఖ్యం. బెంగాలు సిపాయిలకు ఎర్రకోట్లు ఉండేవి. దక్షిణాదిన అలాంటి సిపాయిలను ఎరుగని ఫ్రెంచివారు, ఎర్రకోటు కనబడేసరికి తెల్లవారేననుకుని తమ ఫ్రెంచి పటాలాన్ని నేరుగా వారిమీదికి నడిపించారు. అసలు ఇంగ్లీషు పటాలం నడుమ ఎత్తుగా పెరిగిన చేను వెనుక దాగి ఉంది. ఓర్మ్ 'ఇండియన్ కార్న్' అన్నాడు. నేను జొన్నచేనే అనుకున్నాను. సిపాయిలు చెదిరారు, వారిని తరుముతూ ఫ్రెంచివారి వరుసలూ చెదిరాయి, చేను వెనుకనున్నవారు పక్కనుండి కాల్చారు. యుద్ధం అక్కడే తేలిపోయింది.

జొన్నచేను మేము కొబ్బరిపీచు పట్టాను కత్తిరించి చేశాము. కోనసీమ నుండి ఆ దేశం దాకా వచ్చిన పీచేమో అది! కాని బల్ల మీద అన్నీ అందరికీ కనిపిస్తాయి కదా, మోసం ఎలా సాగుతుంది? అందుకే రైస్‌విట్జ్‌ను ఆశ్రయించాము. నాలుగో మిత్రుడు మధ్యవర్తి అయ్యాడు. గ్రంథం చూడని మిత్రునికి, యుద్ధం పేరు చెప్పకుండా, ఫ్రెంచి పక్షం అప్పగించాము. చేను వెనుక బొమ్మలు పెట్టనేలేదు. "ఆ ఎర్రకోట్లు ఎవరు?" అని అతడు అడిగితే, "నీకు ఎర్రకోట్లు కనిపిస్తున్నాయి" అన్నాడు మధ్యవర్తి. అతడు కాసేపు గడ్డం నిమురుకుని, సరిగ్గా కాన్‌ఫ్లాన్స్ నడిచిన దారినే నడిచాడు.

నాకు దక్కింది ఆనందరాజు సేన. వంద బొమ్మలు. మా నియమావళిలో వారిది అన్నిటికన్న అడుగు శ్రేణి: పాచిక మీద ఆరు పడితే తప్ప కదలరు. ఓర్మ్ వర్ణనను బట్టి చూస్తే అది అన్యాయమనీ అనలేను. ఆ సాయంత్రమంతా నాకు ఒక్క ఆరు పడలేదు. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని, మా చేలలో పరాయివారిద్దరు కొట్లాడుకోవడం చూస్తూ కూర్చున్నాను.

ఆట ముగిశాక ఫ్రెంచి మిత్రుడు నా భుజం తట్టి "ఏమైతేనేం, నీవాళ్ళు గెలిచారు" అన్నాడు. నేను తబ్బిబ్బయ్యాను. 1759 ఏప్రిల్‌లో ఫోర్డు మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. మేలో నిజాం సలాబత్‌జంగు ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి వ్రాసి ఇచ్చాడు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర, విజయనగరం రాజు చినవిజయరామరాజును చంపింది కంపెనీ సైన్యమే. ఇదంతా బల్ల దగ్గర చెప్పాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మధ్యవర్తి, వచ్చే వారం పద్మనాభం ఆడదామా అన్నాడు. వద్దన్నాను. ఆడవలసిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ వంద బొమ్మలనూ మిత్రులు నాకే ఇచ్చేశారు. ఏటా సంక్రాంతికి మా అమ్మ వాటిని బొమ్మల కొలువులో పెడుతుంది. కింది మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన. ముగ్గురి బల్లేలు విరిగిపోయాయి. అగ్గిపుల్లలు అతికించి రంగు వేయాలి.