చలి లేని చోట చలిమంట కథలు

చలికాలం రాత్రి చలిమంట చుట్టూ చేరి దయ్యాల కథలు వినడం మీలో చాలామందికి అనుభవమే. మరి చలే లేని చోట? అండమాన్ దీవుల్లో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీలకు దిగదు. అయినా అక్కడి ఆదివాసుల కథల్లో నిప్పు, దయ్యాలు విడదీయరానివి.

1906-08 మధ్య అక్కడ పరిశోధన చేసిన మానవ శాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రచురించిన గ్రంథంలో వీటిని వివరించాడు. అడవిలో, సముద్రంలో ‘లౌ’ అనే ప్రేతాత్మలు తిరుగుతాయని, మనుషులకు జబ్బులు తెస్తాయని వారి నమ్మకం. నిప్పంటే వాటికి భయమట. అందుకే చీకటి పడ్డాక కొరివి లేకుండా ఎవరూ మకాం దాటేవారు కాదు. రాత్రి ఈల వేస్తే ఆ ఆత్మలు వస్తాయనేవారు. పాములొస్తాయని మన పెద్దలు కసిరినట్లే!

వీరికి నిప్పు పుట్టించడం తెలియదని ఆనాటి పరిశీలకులు రాశారు. ఉన్న నిప్పునే ఆరకుండా కాపాడుకునేవారు. మకాం మారిస్తే రగిలే దుంగను వెంట తీసుకుపోయేవారు. ఆ తొలి నిప్పును ‘బిలికు’ దగ్గర లకుముకిపిట్ట దొంగిలించి తెచ్చిందని కొన్ని తెగల కథ.

దయ్యాన్ని మనం నమ్మనక్కరలేదు. కాని ఆ భయం చేసిన మేలు చూడండి. నిప్పును ఆరనివ్వలేదు, పిల్లల్ని ఒంటరిగా చీకట్లోకి పోనివ్వలేదు.

నిప్పుకు మరో గుణం ఉంది. ఆఫ్రికాలోని జుహోన్సీ తెగవారి సంభాషణలను పాలీ వీస్నర్ అనే శాస్త్రజ్ఞురాలు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. పగటి మాటల్లో కథలు 6 శాతమే. రాత్రి నెగడు దగ్గర 81 శాతం!

అయితే వినేవారే లేకపోతే? 1858లో బ్రిటిష్‌వారు అండమాన్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పాక కొత్త రోగాలు వచ్చాయి. 1877లో తట్టు వ్యాపించి ఎందరినో బలిగొంది. గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కల్లో 625 మంది, 1961లో 19 మంది. కథ చెప్పే భాషలే ఒక్కొక్కటిగా మూగబోయాయి.

భాషా శాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బీ ఆ తెగ పెద్ద నావ్ జూనియర్‌ను కథలు అడిగినప్పుడు, అవి ఆయన మరచిపోయి ఎన్నో ఏళ్లయింది. నెమ్మదిగా ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. 2009లో ఆయన మరణించాడు. 2021లో వెలువడిన అబ్బీ పుస్తకంలో మిగిలినవి 10 కథలు, 46 పాటలు.

మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉన్నారా? ఈ చలికాలం వారిచేత ఒక దయ్యం కథ చెప్పించుకోండి. భయపడండి, నవ్వుకోండి. కాని వారి మాటల్లోనే రాసి పెట్టుకోవడం మరవకండి.