బందరు డచ్చి సమాధులు

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నంలోని పాత డచ్చి శ్మశానవాటికలో కంపెనీల కాలం నాటి రాతి సమాధులున్నాయి. ఇది భారత పురావస్తు శాఖ రక్షిత స్థలం.

1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ, కొద్ది ఏళ్లకే గోల్కొండ కుతుబ్‌షాహీల అనుమతితో బందరులో వర్తక స్థావరం పెట్టింది. 1611లో ఇంగ్లీషువారు, తర్వాత ఫ్రెంచివారు దిగారు. ఊళ్లోని వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట ఆనాటి గుర్తులే. అద్దకం బట్టలు, నీలిమందు కొనడానికి వచ్చిన ఉద్యోగుల్లో కొందరికి స్వదేశం చేరే యోగం లేకపోయింది. వాళ్లను ఇక్కడే పూడ్చిపెట్టారు.

గోరీల మీద పరిచిన పెద్ద బండలే ఇక్కడి విశేషం. చనిపోయినవారి వివరాలు డచ్చిలో చెక్కి, వాటితోపాటు వంశచిహ్నాలు కూడా మలిచారు. కృష్ణా డెల్టా ఒండ్రునేలలో ఇలాంటి రాయి దొరకదు. అంటే ఈ బండలన్నీ బయటినుంచి తెప్పించినవే. పరాయి ఊళ్లో పోయిన తమవారి పేరు నిలపడానికి వాళ్లు అంత ఖర్చుకూ శ్రమకూ సిద్ధపడ్డారు. ఇదే కంపెనీవారి శ్మశానం నెల్లూరు సీమను ఆనుకొని ఉన్న పులికాట్‌లోనూ ఉంది. అక్కడి ద్వారం దగ్గర అస్థిపంజరాల శిల్పాలు నిలబడి ఉంటాయి.

పోయినవారి పేరు నిలపాలనే తపన ఈ ఊళ్లో డచ్చివారికే పరిమితం కాదు. ఇంగ్లండు పల్లెల్లో ముందు చర్చి వెలుస్తుంది, దాని ఆవరణలో తరతరాల సమాధులు చేరతాయి. బందరు సెయింట్ మేరీస్ చర్చి సంగతి దీనికి తలకిందులు. 1809లో మరణించిన అరబెల్లా రాబిన్‌సన్ సమాధి మీద, ఆమెను ప్రేమించిన సైన్యాధికారి జాన్ పేటర్ ఆ చర్చిని కట్టించాడని చెబుతారు.

1824 ఒప్పందంతో భారతదేశంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారి వశమయ్యాయి. ఆ తర్వాత ఈ సమాధులను పట్టించుకునే సొంతవాళ్లు ఊళ్లో మిగల్లేదు. 1864 నవంబరు 1 నాటి తుపానులో సముద్రం ఊరి మీద పడి సుమారు 30,000 మంది చనిపోయారు. అప్పటికే తగ్గిపోతున్న రేవు ప్రాభవానికి అది పెద్ద దెబ్బ.

పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రియా మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాలను పరిశీలించి 1897లో గ్రంథం వెలువరించాడు. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ సమాధి శాసనాల జాబితా ప్రచురించాడు. ఉప్పుగాలికి అరిగే అక్షరాలను పోల్చి చదవాలనుకునేవారు ఈ రెండు పుస్తకాలతోనే మొదలుపెట్టాలి.