ఇనుప పెట్టె నుంచి యూఎస్‌బీ తాళం దాకా

ఒకనాటి జమీందారీ కేంద్రమైన మైలవరం భూమి దస్తావేజు విలువ బాగా ఎరిగిన ఊరు. అలాంటి దస్తావేజుల రక్షణకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, ప్రతి రిజిస్ట్రారు కార్యాలయానికీ నిప్పును తట్టుకునే పెట్టెను ప్రభుత్వమే సమకూర్చాలని విధించింది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకెక్కించాక భయం రూపు మారింది. 1996లో వెలువడిన యూఎస్‌బీ, అంటే కీబోర్డునూ పెన్‌డ్రైవునూ ఒకే రకం రంధ్రంలో కలపనిచ్చే ప్రమాణం, సౌకర్యంతోపాటు దొడ్డిదారినీ తెరిచింది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము పెన్‌డ్రైవుల ద్వారా, ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచిన యంత్రాలకూ పాకగలదని తేలింది. ఇలాంటి ముప్పును ఆపడానికి, ఆ రంధ్రాలను మూసి ప్రత్యేక తాళంచెవితో మాత్రమే ఊడివచ్చే ప్లాస్టిక్ బిరడాలు ఉన్నాయి. రంధ్రాన్ని జిగురుతో పూడ్చే మోటు పద్ధతీ ఉంది గానీ, అది మరమ్మతుకు దారి మూసేస్తుంది. పైగా కీబోర్డుకూ మౌసుకూ రంధ్రాలు వదలక తప్పదు కనుక, వాటి తీగలను ఊడదీయకుండా పట్టి ఉంచే తాళాలు లేనిదే బిరడాలు సగం కాపలాయే.