ఎవరూ కూర్చోని సీట్లు

2009. అమెరికా తూర్పు తీరంలో బాల్టిమోర్ రేవు. తుర్కియే నుంచి వచ్చిన ఓడలోంచి పొట్టి వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఫోర్డ్ కంపెనీ ట్రాన్సిట్ కనెక్ట్ బళ్లవి. పక్కలకి అద్దాల కిటికీలు, లోపల రెండో వరస సీట్లు, వాటికి బెల్టులు. కస్టమ్స్ కాగితాల్లో అది మనుషుల్ని మోసే బండి. సుంకం రెండున్నర శాతం. కట్టారు, ముద్ర పడింది, బండి కదిలింది.

ఎంతో దూరం పోలేదు. షెడ్డులో పనివాళ్లు స్పానర్లతో సిద్ధంగా ఉన్నారు. వెనక సీట్ల బోల్టులు విప్పి బయటికి లాగారు. బెల్టులు ఊడదీశారు. చాలా బళ్లకి వెనక అద్దాలు తీసి ఇనప రేకులు బిగించారు. కాసేపట్లో సరుకులు మోసే వ్యాను తయారు. తీసిన సీట్లు మాత్రం తునకలైపోయాయి. కొజాయెలి ఫ్యాక్టరీలో తయారై, సముద్రాలు దాటి వచ్చిన ఆ సీట్ల మీద ఒక్క మనిషీ కూర్చోలేదు.

ఇంత తతంగం ఎందుకంటే, అదే బండి సరుకుల వ్యానుగా దిగితే సుంకం 25 శాతం. ఆ పాతిక శాతానికి మూలం ఏ ఇంజనులోనూ లేదు. కోడిలో ఉంది. నిజంగా కూసే కోడే.

డెలావేర్ రాష్ట్రంలో సెసీల్ స్టీల్ అనే గృహిణి 1923లో గుడ్ల కోసమని 50 కోడిపిల్లలకి ఆర్డరిచ్చింది. హేచరీ వాళ్ల పొరపాటున 500 వచ్చాయి. వెనక్కి పంపకుండా షెడ్డు వేసి పెంచి, మాంసానికి అమ్మేసింది. లాభం కనిపించింది. అమెరికా బ్రాయిలర్ పరిశ్రమ పుట్టుక కథ ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మేత, జాతులు, షెడ్లు అన్నీ మారి, అక్కడ కోడిమాంసం కారుచవకైంది. మన పల్లెల్లో ఒకప్పుడు కోడి కోశారంటే అల్లుడొచ్చాడనో పండగొచ్చిందనో అర్థం. యూరప్‌లోనూ కోడి చాలాకాలం అలాంటి భోగమే. ఆ బల్లల మీదకి అమెరికా కోడి గడ్డకట్టిన ప్యాకెట్లలో దిగింది. ముఖ్యంగా పశ్చిమ జర్మనీలో.

అక్కడి రైతులు ఊరుకుంటారా? అమెరికా వాళ్లు ఖర్చుకంటే తక్కువకి అమ్ముతున్నారని డచ్చివాళ్లు, కోళ్లకి ఆర్సెనిక్ పెట్టి బలిపిస్తున్నారని జర్మన్ రైతు సంఘాలు గోలపెట్టాయి. ఆ కోడిలోని హార్మోన్లు మగతనానికి చేటన్నది ఫ్రెంచివాళ్ల భయం! 1962లో యూరప్ ఉమ్మడి మార్కెట్ తన కొత్త వ్యవసాయ విధానం కింద దిగుమతి కోళ్ల మీద సుంకం బాగా పెంచింది. అమెరికా కోడి వ్యాపారం దబ్బున కూలింది.

తర్వాత జరిగింది సినిమాలో చూపిస్తే నమ్మం. ఆర్కాన్సాస్ కోళ్ల రాష్ట్రం. అక్కడి సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్, సెనేట్ విదేశాంగ కమిటీ అధ్యక్షుడు, నాటో అణ్వాయుధాల చర్చ మధ్యలో లేచి కోళ్ల సంగతెత్తాడు. బెర్లిన్ గోడ లేచిన రోజులు, క్యూబా క్షిపణుల రోజులు. అమెరికా అధ్యక్షుడు కెనడీతో తాను రెండేళ్లుగా జరిపిన ఉత్తరప్రత్యుత్తరాల్లో దాదాపు సగం కోళ్ల గురించేనని జర్మన్ ఛాన్సలర్ కోన్రాడ్ అడెనావర్ చెప్పుకున్నాడు.

రాజీ కుదరలేదు. వాణిజ్య ఒప్పందాల సంస్థ గాట్ పంచాయితీ పెట్టి, అమెరికాకి జరిగిన నష్టం 2.6 కోట్ల డాలర్లని 1963 నవంబరులో తేల్చింది. ఆ నెలలోనే, 22న, కెనడీని డల్లాస్‌లో కాల్చిచంపారు. పన్నెండు రోజులు తిరిగేసరికి, డిసెంబరు 4న, కొత్త అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒక ప్రకటన మీద సంతకం చేశాడు. బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కులు. ఈ నాలుగింటి మీదా సుంకం పెంపు. ట్రక్కులకి 25 శాతం, 1964 జనవరి 7 నుంచి అమలు.

బ్రాందీ దెబ్బ ఫ్రాన్స్‌కి తగలాలి, పిండి దెబ్బ ప్రధానంగా హాలండ్‌కి. ట్రక్కు? జర్మనీ ఫోక్స్‌వ్యాగన్‌కి. ఆ కంపెనీ పికప్పులు, డెలివరీ వ్యాన్లు అప్పుడప్పుడే అమెరికాలో పుంజుకుంటున్నాయి. వాటిని ఆపమని ఆటో కార్మిక సంఘం నాయకుడు వాల్టర్ రాయిథర్ పట్టుబడుతున్నాడు. 1964 ఎన్నికల ముందు సమ్మె రాకూడదు, పౌరహక్కుల చట్టానికి ఆయన అండ కావాలి. ఇది జాన్సన్ అవసరం. శ్వేతసౌధంలో రికార్డయిన టేపులు తర్వాత బయటికొచ్చినప్పుడు ఈ బేరాల చప్పుడు వాటిలో వినిపించింది. కాబట్టి కోడి కథని కోడికే వదిలేయడానికి నాకు మనసొప్పదు. కోపం కోడిదే, గురి మాత్రం ఫ్యాక్టరీ కార్మికుడి ఓటు చూసి పెట్టింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి తెలిసిందే. ఇక్కడ ఇరుగుపొరుగు దుత్తలు కూడా పగిలాయి. గాట్ నియమం ప్రకారం సుంకం పెంచితే ఒక్క దేశానికని పెంచకూడదు, అందరికీ వర్తించాలి. అలా కోడి జోలికే పోని జపాన్ నెత్తినా పడింది.

ఫోక్స్‌వ్యాగన్ పికప్ అమెరికా రోడ్ల మీంచి క్రమంగా మాయమైంది. అదే ఒడ్డూపొడుగూ ఉన్న దాని తోబుట్టువు మైక్రోబస్ మాత్రం హిప్పీలకి ముద్దుబిడ్డై పాటలు పాడుకుంటూ తిరిగింది. తేడా ఏమిటంటే, దానికి సీట్లూ కిటికీలూ ఉన్నాయి. ఈ కిటుకు అప్పుడే ఎవరో మనసులో రాసిపెట్టుకుని ఉంటారు.

జపాన్ వాళ్లయితే తప్పకుండా రాసుకున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ యజమానిని అడగండి: ఛాసీ కొనడం వేరు, బాడీ కట్టించడం వేరు. క్యాబిన్‌తో ఉన్న ఉత్త ఛాసీకి అమెరికాలో సుంకం 4 శాతమే. మాజ్డా చేసిన బండి ఫోర్డ్ కొరియర్ అనీ, ఇసుజు చేసింది షెవర్లే లవ్ అనీ పేర్లు పెట్టుకుని, వెనక తొట్టి లేకుండా ఓడ దిగాయి. తొట్టి అక్కడ బిగించారు. గమనించండి, సుంకం కాపాడాల్సిన అమెరికా కంపెనీలే సుంకం ఎగ్గొట్టే దారి వెతికాయి. ఆ కంత 1980లో పూడ్చారు.

సుబారు ఇంకా కొంటెది. బ్రాట్ అనే చిన్న పికప్ తొట్టిలో, వెనక్కి తిరిగి కూర్చునేలా రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, కింద కార్పెట్ పరిచి, ఇది కారండీ అంది. చెల్లింది. అలాంటి బ్రాట్ ఒకటి కాలిఫోర్నియాలో రోనాల్డ్ రీగన్ పొలంలోనూ ఉండేది. జపాన్ కార్ల దిగుమతికి 1981లో పరిమితి ఒప్పించింది ఆ రీగన్ ప్రభుత్వమే.

కంతలు మూసేకొద్దీ మిగిలిన దారి ఒకటే, అమెరికాలోనే కట్టడం. టెనెసీలోని స్మిర్నా ఫ్యాక్టరీలో నిస్సాన్ 1983లో చేసిన మొదటి బండి పికప్పే. ఇది సుంకం సాధించిన మేలని కొందరంటారు, ఉద్యోగాలొచ్చాయి, కాదనను. గోడ లోపల ఉన్నవాళ్లకి దక్కింది మాత్రం అంతకంటే ఎక్కువ. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి అక్కడ అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కు. పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు, జనం సరదా, పొగ నిబంధనలు కూడా ట్రక్కుని పెంచి పోషించాయి. అన్నిటినీ సుంకం ఖాతాలో రాయడం అన్యాయం. అయినా బయటినుంచి చవక పికప్ వచ్చి పోటీకి నిలబడి ఉంటే, ఆ బండి అంత లావెక్కేదా అన్నది నా అనుమానం. లోకమంతా తిరిగే టయోటా హైలక్స్ ఇవాళ అమెరికా షోరూముల్లో దొరకదు.

మన మహీంద్రా కూడా ఆ గోడ దూకాలని చూసింది. మన జిల్లాల్లో కోళ్ల గంపలు కూడా మోసే పికప్పులు కట్టే కంపెనీ, కోడి పేరుతో కట్టిన గోడ ముందు నిలబడింది! జార్జియా రాష్ట్రంలోని పంపిణీదారుతో ఒప్పందం కుదిరింది, బండిని విడిభాగాల కిట్లుగా పంపి సుంకం తప్పించుకోవాలన్న ఆలోచన సాగింది. 2010లో ఒప్పందం తెగింది. ఒక్క పికప్ కూడా అమ్మకానికి పోలేదు. అలాగని మనం ఏమీ ఎరగనివాళ్లం కాదు. అమెరికా వాడికి ఛాతీ మాంసం ఇష్టం, లెగ్ పీస్ అక్కడ చవక. అది మన పళ్లెంలోకి దిగకుండా మనమూ 100 శాతం సుంకం వేశాం.

మళ్లీ బాల్టిమోర్. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడూ ఉంటాడు. 2013లో కస్టమ్స్ శాఖ ఫోర్డ్‌తో, ఇవి సరుకుల వ్యాన్లే, 25 శాతం కట్టమంది. కోర్టులో వాదన బండి గుణం మీద నడిచింది. ఓడ దిగే క్షణంలో ఎలా ఉందో అదే లెక్క అని కంపెనీ, ఎందుకు పుట్టిందో అదే లెక్క అని ప్రభుత్వం. అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం 2017లో ఫోర్డ్ పక్షాన తీర్పిచ్చింది. 2019లో పైకోర్టు దాన్ని తిరగేసింది. ఆ సీట్లని న్యాయమూర్తులు వివరంగా పరిశీలించారు. చవక రకం గుడ్డ. తల ఆనించుకునే దిండు లేదు. ఆనించే తల ఉంటే కదా!

కోడి గొడవలో సుంకం పెరిగిన బ్రాందీ, పిండి, డెక్స్‌ట్రిన్ ఆ భారం నుంచి ఏనాడో బయటపడ్డాయి. ట్రక్కు బయటపడలేదు. దక్షిణ కొరియాతో 2021కల్లా ఎత్తేస్తామన్న మాటని 2018లో సవరించి, 2041 దాకా సాగదీశారు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం పాత పాతికకి మరో పాతిక కలిపింది.

ఇక ఆ వ్యాన్ల కేసు సంగతి. 2024 మార్చిలో, తప్పు ఒప్పుకోకుండానే, ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టి న్యాయశాఖతో రాజీ పడింది. గాట్ తేల్చిన కోళ్ల నష్టానికి, డాలరుకి డాలరు లెక్కన, పద్నాలుగు రెట్లు. ట్రాన్సిట్ కనెక్ట్‌ని అమెరికాలో అమ్మడం కంపెనీ అప్పటికే, 2023తో ఆపేసింది.