వేములవాడ తలంబ్రాలు

మా ఎల్లారెడ్డిపేటకు చేరువనే వేములవాడ. శ్రీరామనవమినాడు రాజన్న గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుండగా, జోగినులు, హిజ్రాలు తమ తలలపై తామే తలంబ్రాలు పోసుకొని శివుణ్ణి వరించడం ఆనవాయితీ. వారిని శివపార్వతులంటారు. బాల్యంలో వారిని చూసి నవ్వినవారిలో నేనూ ఒకణ్ణి.

2023 అక్టోబరు 17న ఆ నవ్వు జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడ్డాను. 2021లో హైదరాబాదున బంధుమిత్రుల సమక్షంలో ఒక్కటైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తమ వివాహానికి చట్టబద్ధత కోరగా, ఆనాడు సుప్రీంకోర్టు కాదన్నది. అది శాసనసభల పని అన్నది. 2025 జనవరిలో పునస్సమీక్షకూ అంగీకరించలేదు. హిజ్రాలు వేరు, స్వలింగ ప్రేమికులు వేరు. లోకం నవ్వు మాత్రం ఒక్కటే.

'ధర్మం ఒప్పదు' అంటారు మిత్రులు. నిజమే, పురుషుల కలయికను మనువు దోషమనే అన్నాడు. అయితే ద్విజునికి ఆయన విధించిన ప్రాయశ్చిత్తం కట్టుబట్టలతో స్నానం. యావజ్జీవ శిక్ష దాకా వెళ్ళినది 1860 నాటి ఆంగ్లేయుల శిక్షాస్మృతి. వయోజనుల పరస్పర సమ్మతిని ఆ నేరం నుండి తప్పించడానికి 2018 సెప్టెంబరు 6 దాకా ఆగవలసి వచ్చింది. పరాయివాడి కాఠిన్యాన్ని మన ధర్మమని మోసుకు తిరిగామా అని నా సందేహం.

ఇంతకూ ఆ జంట మంత్రాలు అడగలేదు. ఏ మతంతోనూ నిమిత్తం లేని 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు అడిగారు. దానికి మనుస్మృతి ఎందుకు అడ్డు రావాలి? గుడిలో శివునితో పెళ్ళికి చోటిచ్చిన నేల మాది. కచేరీలో ఒక సంతకానికి చోటు లేదనడం నాకు మింగుడు పడటం లేదు.

విజ్ఞులు ఆలోచించగలరు.