రేకు మీద సొట్ట

సొట్ట బుగ్గ మీద ఉంటే అందం అంటాం, బిందె మీద పడితే తిట్లు తింటాం. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండిరంగు ట్రైలర్ల లోకంలోకి కాస్త తొంగిచూశాక మూడో రకం సొట్ట ఒకటుందని నాకు తెలిసింది. అది తీయాలా వద్దా అని ఇంటిల్లిపాదీ వాదించుకునే సొట్ట.

సినిమాల్లోనన్నా చూసే ఉంటారు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మూలలు లేని ఒళ్ళు, పెయింటు లేదు, వరసల్లో రివెట్లు. విమానానికి రెక్కలు ఊడదీసి రోడ్డు మీద వదిలినట్టుంటుంది. ఆ పోలిక ఊరికే రాలేదు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన 'స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్' విమానం తయారీని దగ్గరుండి నడిపించిన హాలీ బౌలస్, 1934లో 'రోడ్ చీఫ్' అనే అల్యూమినియం ట్రైలర్ చేశాడు. తలుపు మాత్రం ముందువైపు, కారుకి తగిలించే కడ్డీ మీదికి పెట్టాడు. ఎక్కాలన్నా దిగాలన్నా ఆ కడ్డీ దాటుకోవాల్సిందే! వ్యాపారం ఎంతో కాలం సాగలేదు. వాలీ బయామ్ అనే ఆయన ఆ రూపాన్నే తీసుకుని, తలుపు పక్కకి మార్చి, 1936లో 'క్లిప్పర్' తెచ్చాడు. ధర 1,200 డాలర్లు, అదీ మాంద్యం రోజుల్లో. యుద్ధం రాగానే అల్యూమినియమంతా విమానాలకి పోయింది. ట్రైలర్లు ఆగిపోయాయి, బయామ్ కూడా విమాన కర్మాగారాల్లో పనికి కుదిరాడు. యుద్ధం అయ్యాక మళ్ళీ ట్రైలర్ల దగ్గరికే వచ్చాడు.

ఈ కథ అందరూ చెప్పేదే. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఆ రేకు.

అల్యూమినియం మనకి కొత్త కాదు. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. రాగి, ఇత్తడి ఉన్న వంటింట్లోకి ఈ తేలికపాటి, చవక లోహం వచ్చి చేరింది. మనం దానికి సత్తు అని పేరు పెట్టుకున్నాం. సత్తుగిన్నె కిందపడితే సొట్ట పడుతుంది, లోపల్నుంచి చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం కనుక మెత్తగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది.

ట్రైలర్ రేకు వినదు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రవేత్త, అల్యూమినియంలో నాలుగు శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపి, కాల్చి, గబుక్కున చల్లార్చి గట్టిదనం కొలిచాడు. పెద్ద తేడా ఏమీ లేదు. రెండు రోజులాగి మళ్ళీ కొలిస్తే ఎవరూ ముట్టుకోకుండానే అది గట్టిపడి ఉంది! అదే డ్యురాలుమిన్. జెప్పెలిన్లకీ విమానాలకీ అదే ఎముకైంది. కాకపోతే రాగి కలవడం వల్ల తొందరగా తినేసుకుపోయేది. అందుకని 1927లో ఆల్కోవా కంపెనీ ఒక ఉపాయం చేసింది. గట్టి మిశ్రమలోహానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియాన్ని పల్చని తొడుగులా అతికించింది, బూరెకి పైపిండిలాగా. దాని పేరు ఆల్‌క్లాడ్. పాత ఎయిర్‌స్ట్రీమ్‌ల ఒంటి మీదున్నది ఇదే జాతి రేకు, మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు. తొడుగు ఒక్కో వైపు అందులో ఐదు శాతం, అంటే 0.04 మిల్లీమీటర్లు.

సొట్ట తీసేవాడి కష్టాలన్నీ ఈ అంకెల్లోనే ఉన్నాయి. దెబ్బ తగిలినచోట రేకు సాగుతుంది. సాగిన మేరకు గట్టిపడుతుంది. సరిచేద్దామని సుత్తి వేస్తే ఇంకా సాగి, ఇంకా గట్టిపడి, చివరికి చిట్లుతుంది. మామూలు కారైతే లప్పం పెట్టి, రుద్ది, పెయింటు కొట్టేస్తారు. దీనికి పెయింటే లేదు, దాచేదెక్కడ? పోనీ గీరి నున్నగా చేద్దామంటే పైతొడుగు పోయి, లోపలి రాగిలోహం బయటపడి, తుప్పుకి దారి తీస్తుంది. లోపల్నుంచి నెట్టాలంటే ముందు లోపలి గోడరేకూ, దాని వెనక దూదిలాంటి ఇన్సులేషనూ ఊడదీయాలి. అందుకే తెలిసినవాళ్ళు సొట్ట తీయరు, రేకే మారుస్తారు. రివెట్లు డ్రిల్లు చేసి తీసి, పాతరేకునే అచ్చుగా పెట్టి కొత్తది కోస్తారు. ముందువెనకల గుండ్రటి భాగాలైతే మరీ కష్టం. కొన్ని పాత మోడళ్ళలో ఆ గుండు 13 ముక్కల కూర్పు.

రివెట్టు కొట్టడం ఇద్దరి పని. బయట ఒకరు రివెట్ గన్నుతో, లోపల ఒకరు ఇనుపదిమ్మె ఆనించి పట్టుకుని. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనబడదు. యుద్ధకాలంలో అమెరికా విమాన కర్మాగారాల్లో లక్షలమంది ఆడవాళ్ళు జంటలుగా చేసిన పని ఇదే.

ఇంత కష్టపడి కాపాడుతున్నది దేన్ని? ఇప్పుడు వింటేజ్ ప్రియులు ట్రైలర్‌ని అద్దంలా, మొహం చూసుకునేలా పాలిష్ చేస్తారు. నిజానికి 1950లలో కర్మాగారం నుంచి అవి అలా రాలేదు. రేకు మిల్లునుంచి వచ్చిన మసకమెరుపుతోనే వచ్చాయి. 1960లలో పైన పారదర్శకమైన పూత వేయడం మొదలుపెట్టారు. ఆ అద్దపు మెరుపు మన కాలపు ముచ్చట, పాతకాలానికి మనం తొడిగిన నగ. రుద్దిన ప్రతిసారీ ఆ 0.04లోంచి కొంత పోతుంది. చరిత్రని మెరిపించాలనే కోరికే దాన్ని అరగదీస్తుందన్న మాట.

నా మిత్రుడి దగ్గర 1960ల నాటి ట్రైలర్ ఒకటుంది. వెనకవైపు రెండు సొట్టలు. "రెండూ తీయించేస్తా" అన్నాడు వాడు. "అది ఎక్కడెక్కడ తిరిగిందో దానికి గుర్తు ఉండద్దా?" అంది వాళ్ళావిడ. నన్నడిగితే నేను వదిన పక్షమే, కాకపోతే సగమే. పెద్ద సొట్ట రేకు నడుమ ఉంది, వికారంగా ఉందే గానీ దానివల్ల నష్టమేమీ లేదు. చిన్నది సరిగ్గా అతుకు మీద పడింది. అక్కడ రివెట్లు లాగేసినట్టయి సన్నటి సందు ఏర్పడింది. ఈ ట్రైలర్లకి అసలు శత్రువు సొట్ట కాదు, నీళ్ళు. నేల ప్లైవుడ్డు, వాన ఆ సందులోంచి దిగి ఏళ్ళ తరబడి దాన్ని తినేస్తుంది. వెనకమూల నేల మీద కాలేస్తే అప్పటికే కాస్త మెత్తగా దిగుతోంది.

కాబట్టి కంటికి కనబడే పెద్ద సొట్ట ఉండిపోయింది, ఎవరూ గమనించని చిన్నదాని కోసం రేకు మార్చారు. లోపల దిమ్మె పట్టుకున్నది వదినే. కుళ్ళిన ప్లైవుడ్డు మేరకి కోసి కొత్తది వేశారు, అతుకుల వెంట సీలెంటు పట్టించారు. పాలిష్ మాట మళ్ళీ ఎత్తలేదు. కొత్తరేకు మాత్రం పక్కవాటికన్నా తెల్లగా ఉంది, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది.